సోహో రాగి నాణేలు: ప్రామాణికతా నిర్ణయం

1797 తేదీ గల ఒక ఔన్సు రాగి పెన్నీలను మాథ్యూ బౌల్టన్ బర్మింగ్‌హామ్ సమీపంలోని సోహో టంకశాలలో ఆవిరియంత్రాలతో ముద్రించాడు. ఉత్తర సర్కారులకై ఈస్టిండియా కంపెనీ చేయించిన 1794 నాటి రాగి నాణేలూ అక్కడివే. 19వ శతాబ్ది మధ్యలో టంకశాల మూతపడగా, పాత అచ్చులు కొన్ని లండన్‌లో డబ్ల్యు.జె. టేలర్ చేతికి చేరాయి. ఆ అచ్చులతోనే అతడు మళ్లీ నాణేలు ముద్రించినందున, వాటి విషయంలో రూపసామ్యం ప్రామాణికతకు నిదర్శనం కాజాలదు. అచ్చుకు పట్టిన తుప్పు గుంటలు నాణెంపై సూక్ష్మమైన ఉబ్బులుగా ఏర్పడతాయి. ఇది పునర్ముద్రణకు ఒక సూచన. పోతపోసిన ఆధునిక నకళ్లలో సాధారణంగా గాలిబుడగల గుంటలు, అంచున అతుకుగీత ఉంటాయి. అయితే మట్టిలో పడివున్న అసలు నాణెంపైనా గుంటలు పడతాయి, అరుగుదలతో దాని బరువూ తగ్గుతుంది. కనుక బరువు, అంచు, ఉపరితలం మూడింటినీ కలిపి పరిశీలించాలి. నాణెంపై తేదీ అచ్చుకు చెందినది. ముద్రణ కాలానికి సాక్ష్యం లోహంలోనే వెదకాలి.