లూయిస్ గాలితుపాకీ ఎవరి చేతిపని?

1803 ఆగస్టు 30న పిట్స్‌బర్గ్ దాటి కొద్ది దూరం వెళ్లాక, ఒహాయో నదిలోని ఒక లంక దగ్గర మెరివెదర్ లూయిస్ పడవ ఆపాడు. పసిఫిక్ తీరం దాకా దారి కనిపెట్టి రమ్మని అధ్యక్షుడు జెఫర్సన్ పంపిన బృందానికి ఆయన నాయకుడు. అక్కడివాళ్లు అడిగితే తన గాలితుపాకీ చూపించి, 55 గజాల దూరానికి ఏడుసార్లు కాల్చాడు. గురి బాగానే కుదిరింది. తర్వాత తుపాకీ దాని వాడకం తెలియని మరొకరి చేతికి వెళ్లి, అనుకోకుండా పేలింది. సుమారు 40 గజాల అవతల ఒక స్త్రీ టోపీలోంచి గుండు దూసుకుపోయి కణత చీరింది. ఆమె చనిపోయిందనుకున్నారు గానీ నిమిషంలోపే తేరుకుంది. లూయిస్ యాత్రా దినచర్యలో మొట్టమొదటి రోజు రాతలోనే ఇదంతా ఉంది.

ఆ తుపాకీ ఉండేదని, మనిషిని గాయపరచగలదని దీనితో రుజువైంది. ఎవరు చేశారో మాత్రం లూయిస్ ఇక్కడా రాయలేదు, మరెక్కడా రాయలేదు. కొన్న రసీదూ దొరకలేదు. పరిశోధకుల తగవంతా ఆ ఖాళీ దగ్గరే.

చాలాకాలం మొగ్గు ఫిలడెల్ఫియా పనివాడు ఐజయా లూకెన్స్ వైపు ఉండేది. ఆయన మరణానంతరం 1847లో ఆస్తి వేలం వేసినప్పుడు, లూయిస్, ఆయన తోటి నాయకుడు క్లార్క్‌ల యాత్ర కోసం చేసిన గాలితుపాకీ ఒకటి అందులో ఉందని జాబితా చెప్పింది. వినడానికి బలమైన సాక్ష్యమే. కానీ యాత్ర ముగిసి అప్పటికి 41 ఏళ్లు. పైగా అది వేలంపాట జాబితా. సరుకుకు పేరుంటే పాట పెరుగుతుందని అమ్మేవాడికి తెలియదా?

ఈ వాదాన్ని గట్టిగా కదిలించింది థామస్ రాడ్నీ అనే న్యాయాధికారి దినచర్య. 1803 సెప్టెంబరులో వీలింగ్ దగ్గర లూయిస్ ఆయనకు ఈ తుపాకీ చూపించాడు. గుండ్లన్నీ పక్కనున్న పొట్టి గొట్టంలో ఒకేసారి పోస్తారనీ, స్ప్రింగు జరిపితే ఒక్కో గుండు లోపలికి దిగుతుందనీ, మడమగా ఉన్న గాలితిత్తి ట్రిగ్గరు నొక్కినప్పుడల్లా ఒక గుండుకు సరిపడా గాలి వదులుతుందనీ రాడ్నీ రాశాడు. తెలిసిన లూకెన్స్ తుపాకులు చాలామటుకు ఒక్కో గుండు పెట్టి కాల్చేవి. ఈ వర్ణన వాటికి అతకదు. ఆస్ట్రియా సైన్యం 1780లో తీసుకున్న జిరార్డోని రైఫిల్‌కు అతుకుతుంది.

రాడ్నీ వాక్యాలను జాగ్రత్తగా విడదీసి చదవాలి. సరిగా ఉన్నప్పుడు నిమిషానికి 22 సార్లు పేలుతుందన్నది ఆయనకు చెప్పిన మాట. కళ్లతో చూసింది వేరు: మొదటి దెబ్బకే గాలంతా పోయింది, మళ్లీ నింపితే రెండుసార్లు పేలింది, లోపం కొంత సరిచేశాక ఏడుసార్లు. ఈ తుపాకీని పద్దెనిమిదో శతాబ్దపు మెషిన్ గన్‌గా వర్ణించేవాళ్లు 22 ఒక్కటే తీసుకుంటారు. నా మటుకు ఆ కారిపోయిన గాలే ఎక్కువ చెబుతుంది.

ఎందుకో తెలియాలంటే పనితనం చూడాలి. బార్తొలొమేయస్ జిరార్డోని టిరోల్ ప్రాంతంవాడు. ఆయన రైఫిల్‌కు మడమే గాలితిత్తి: ఇనుప రేకును శంకువులా చుట్టి, రివిట్లు కొట్టి, అతుకుల్లో ఇత్తడి మాటు వేసి, పైన తోలు తొడిగేవారు. నింపడానికి చేతిపంపుతో సుమారు 1,500 పోట్లు. ఒకసారి నింపితే 30 గుండ్ల దాకా పనికొచ్చేదనుకుంటే గుండుకు 50 పోట్ల శ్రమ. లోపలి ఒత్తిడిని చదరపు అంగుళానికి 750 నుంచి 850 పౌండ్లుగా, అంటే 50–60 బార్‌గా అంచనా వేస్తారు. హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల పోటీలోనూ ముందే నింపిన గాలితో పనిచేసే రైఫిళ్లే వాడతారు. వాటి సిలిండర్లలో సుమారు 200 బార్ ఉంటుంది. సూత్రం ఒకటే. మారింది లోహం, అతుకు, సీలు.

అప్పట్లో సీలు అంటే తోలు. అది ఎండితే గాలి ఆగదు, తడిగా ఉంచుకోవాలి. గొట్టం పక్కనున్న అరలో ఇరవై చిల్లర గుండ్లు పడతాయి. మూతిని పైకెత్తి, అడ్డంగా ఉన్న దిమ్మెను బొటనవేలితో నెడితే ఒక గుండు తన బరువుకే అందులోకి జారుతుంది; వేలు తీస్తే స్ప్రింగు దాన్ని గొట్టం ఎదుటికి తెస్తుంది. గుండ్లన్నీ ఒకే కొలతలో లేకపోతే ఒకటి ఇరుక్కుంటుంది, ఇంకొకటి పక్కనుంచి గాలి వదిలేస్తుంది. ఒక గొప్ప పనివాడు ఒక తుపాకీని ఇలా అమర్చగలడు. వాటిని సైన్యం నిండా పంచి, బురదలో నడుస్తున్న సిపాయిలను తోళ్లు తడుపుకుంటూ ఉండమనడం వేరే సంగతి. 1815 నాటికి ఆస్ట్రియా వీటిని పక్కన పెట్టేసింది. నెపోలియన్ భయపడి, వీటితో పట్టుబడ్డవాళ్లను ఉరితీయమన్నాడన్న కథకు నమ్మదగిన ఆధారం లేదు.

ఇక భౌతిక సాక్ష్యం. రాబర్ట్ బీమన్ అనే సేకర్త దగ్గరికి ఒక జిరార్డోని రైఫిల్ వచ్చింది. నకలు చేయడానికి దాన్ని విప్పిన తుపాకీ పనివాళ్లకు లోపల పాత మరమ్మతులు కనిపించాయి. ప్రధాన స్ప్రింగు అసలుది కాదని, ఆకురాయిని కొట్టి చేసినట్టుందని చెప్పారు. లూయిస్ రాతలు చూస్తే 1805 జూన్ 10న బృందంలోని జాన్ షీల్డ్స్ గాలితుపాకీకి కొత్త ప్రధాన స్ప్రింగు వేశాడు. ఎవరి దగ్గరా పని నేర్వకుండానే తన పనిముట్లు తానే చేసుకునేవాడని లూయిస్ ఆయన్ని మెచ్చుకున్నాడు కూడా. అదే ఏడు ఆగస్టు 7న కదిలిపోయిన సైట్లను లూయిస్ స్వయంగా సరిచేశాడు. బీమన్ ఆ రైఫిల్‌ను తర్వాత పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో ఉన్న అమెరికా సైనిక వారసత్వ కేంద్రానికి ఇచ్చేశాడు.

ఈ పొంతన ఆకట్టుకుంటుంది, సరిపోదు. స్ప్రింగు విరగడం ఈ రకం తుపాకీకి అరుదైన జబ్బు కాదు. పొలిమేరల్లో పనిచేసే ఏ కమ్మరికైనా చేతికందే మంచి ఉక్కు పాత ఆకురాయే. పైగా జిరార్డోని పద్ధతిని ఇతరులూ అనుకరించారు. లండన్‌లో స్టాడెన్‌మేయర్ అలాంటివి చేశాడు. కాబట్టి రాడ్నీ వర్ణన తుపాకీ రకాన్ని చెబుతుంది గానీ తయారీదారును చెప్పదు.

ఉన్న ఆధారాలతో ఇంతవరకే చెప్పగలం: లూయిస్ వెంట వెళ్లింది జిరార్డోని పద్ధతి తుపాకీ, దీనిలో పెద్ద సందేహం అక్కర్లేదు, లూకెన్స్ వాదం బలహీనం, కార్లైల్‌లో ఉన్నదే ఆ తుపాకీ అన్నది సాధ్యమే గానీ ఇంకా నిరూపణ కాలేదు.