అంటువ్యాధుల వైద్యంలో ప్రత్యేక శిక్షణ: ఆదిలాబాద్, కరీంనగర్ వైద్యులకు వివరాలు

వర్షాకాలం ప్రారంభం కాగానే ఉట్నూరు ఏజెన్సీ గ్రామాలలో జ్వరపీడితుల సంఖ్య పెరుగుతుంది. మలేరియా, డెంగ్యూ, టైఫాయిడ్, స్క్రబ్ టైఫస్ తొలి రోజులలో ఒకే తీరున కనిపిస్తాయి. స్క్రబ్ టైఫస్‌కు డాక్సీసైక్లిన్ అనే చవకైన మందే చాలు, ఆలస్యమైతే ప్రాణాపాయం. చిక్కంతా గుర్తించడంలోనే ఉన్నది.

ఈ నైపుణ్యాన్ని నేర్పే అత్యున్నత కోర్సు అంటువ్యాధుల డి.ఎం. జనరల్ మెడిసిన్‌లో ఎం.డి. పూర్తిచేసిన వైద్యులు నీట్ సూపర్ స్పెషాలిటీ పరీక్ష ద్వారా ఇందులో ప్రవేశం పొందవచ్చును. ఢిల్లీ ఎయిమ్స్ వంటి జాతీయ సంస్థలకు ప్రవేశ పరీక్ష వేరుగా ఉంటుంది. కోర్సు కాలవ్యవధి 3 సంవత్సరాలు. ఎం.బి.బి.ఎస్. మొదలుకొని లెక్కిస్తే మొత్తం పదకొండున్నర సంవత్సరాల చదువు. ఏజెన్సీలో పనిచేస్తున్న యువ వైద్యునికి ఇది చిన్న నిర్ణయమేమీ కాదు.

ఆదిలాబాద్‌లో 2008లో రిమ్స్, కరీంనగర్‌లో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనవి. అంతకుముందు ఆదిలాబాద్ విద్యార్థులు ప్రభుత్వ వైద్య విద్యకై జిల్లా దాటవలసి వచ్చేది. అంటువ్యాధులకే ప్రత్యేకించిన ప్రభుత్వ ఆసుపత్రి ఆదిలాబాద్‌కు దాదాపు 300 కిలోమీటర్ల దూరాన, హైదరాబాద్ నల్లకుంటలో ఉన్నది. 1897లో సికింద్రాబాద్‌లో దోమలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్న సర్ రోనాల్డ్ రాస్ పేరు దానికి పెట్టారు. పాత నగరవాసులకు మాత్రం అది నేటికీ కోరంటి దవాఖానాయే. క్వారంటైన్ అన్న మాట జనుల నోట అలా మారింది.