సొరబుర్ర నుంచి కారు దాకా

మెక్సికో పడమటి కొండల్లో వీచోల్ జనం ఉన్నారు. తమను తాము విరారికా అని చెప్పుకుంటారు. దేవతలకు మొక్కుకోవాలంటే వీళ్ళకు ఒక సొరచిప్ప కావాలి. ఎండిన బుర్రను సగానికి కోసి, లోపల గీకి నున్నగా చేస్తారు. పైన్ చెట్టు బంక కలిపిన తేనెమైనాన్ని ఎండలో మెత్తబరచి, బొటనవేలితో చిప్ప లోపల పలచగా అదుముతారు. ఆ పైన సూదిమొనతో ఒక్కో పూసనూ ఎత్తి, బెజ్జం పైకి ఉండేలా మైనంలో నొక్కుతారు. మెల్లగా ఒక జింక, ఒక మొక్కజొన్న కంకి, ఒక సూర్యుడు తేలతాయి.

అలంకారమంతా లోపలే. దేవతలు వచ్చి ఆ చిప్పలోంచి తాగుతారనీ, దాంతోపాటే మొక్కునూ స్వీకరిస్తారనీ నమ్మకం. అలాంటప్పుడు బయటివైపు ముస్తాబు ఎవరికోసం?

గాజుపూసలు ఐరోపా నుంచి వచ్చినవి. అంతకుముందు గింజలూ గవ్వముక్కలూ అతికించేవారు. మొక్కు చిప్పల్ని గుహల్లోనో, ఎడారిలోనో, సముద్రపుటొడ్డునో వదిలేసి వస్తారు కాబట్టి బయటివాళ్ళ కంటబడినవి తక్కువ. 1890ల్లో ఈ కొండలు తిరిగిన నార్వే యాత్రికుడు కార్ల్ లూమ్‌హోల్ట్స్ న్యూయార్క్ మ్యూజియం కోసం కొన్ని సేకరించి, 1900లో వాటి అర్థాలు వివరిస్తూ పుస్తకం వేశాడు.

చిప్ప మీద పనిచేసిన మైనం చెక్క మీదా పనిచేస్తుంది. మైనం పూసిన పలకపై రంగు నూలు అతికించి మొక్కుగా పెట్టడం వీళ్ళకు పాత అలవాటే. 1950ల్లో అలాంటి పలకలు నగరాల్లో అమ్మకానికి వచ్చాయి. మొదట్లో అవి విడివిడి గుర్తులే. 1960ల్లో రమోన్ మెదీనా సిల్వా అనే వీచోల్ కళాకారుడు పురాణకథల్నే నూలుతో పలకకెక్కించాడు. అసలు మలుపు అదేనని నా అభిప్రాయం. దేవతలకు వివరణ అక్కర్లేదు, కొనేవాడికి కథ కావాలి.

ఆ తర్వాత పూసలు జాగ్వార్ తలల మీదికీ, ముఖాల బొమ్మల మీదికీ పాకాయి. 2010లో ఏకంగా ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారెక్కాయి. రెండు కుటుంబాల కళాకారులు ఎనిమిది మంది కలిసి, 20 లక్షలకు పైగా పూసలతో దాన్ని కప్పేశారు. ఎండలో కాలే రేకు మీద మైనం నిలవదు కదా, అందుకని వేడికి తట్టుకునే రెసిన్ వాడారు. సొరబుర్రా పోయింది, మైనమూ పోయింది. పూసని పేర్చే చెయ్యి మాత్రం అదే.

అలాగని చిప్పలు ఆగిపోలేదు. మొక్కు చిప్పలో నాలుగు బొమ్మలు, ఒక నాణెం, కాసిని మొక్కజొన్న గింజలు ఉంటే చాలు, తక్కినదంతా ఉత్త మైనమే. అంగడి చిప్పలో అలా కుదరదు. ఖాళీ కనిపిస్తే కొనేవాడు బేరమాడతాడు, అందుకే అంచు దాకా పూసలు నింపేస్తారు.