జంపఖానా మీద బొంత

మా వరంగల్ చలి ఢిల్లీ చలిలా పేపర్లకెక్కదు. అయినా కార్తీకం మొదలు సంక్రాంతి దాకా పొద్దున్నే షాబాద్ బండల మీద కాలు పెడితే ఒళ్లు జివ్వుమంటుంది. రూమ్ హీటర్లు లేని రోజుల్లో మన ఇళ్లు ఈ చలిని ఎలా దాటాయో ఎప్పుడైనా ఆలోచించారా?

బయట తిరిగేవాళ్లకు గొంగడి ఉండేది. దక్కనీ గొర్రెల ఉన్నిని కురుమల ఇళ్లలో ఆడవాళ్లు వడికితే మగవాళ్లు నేసేవారు. పడుగుకు చింతగింజల గంజి పట్టించేవారు. గొర్ల కాపరికి అదే గొడుగు, అదే పక్క. కాకపోతే గుచ్చుకుంటుంది, చంటిపిల్లల కింద వేయలేం.

ఇంట్లోకి మాత్రం మన కొత్తవాడ జంపఖానా. తివాచీకి ఉన్నట్టు దీనికి ముడులూ నూగూ ఉండవు. పేక నూలును పంజాతో కొట్టి, పడుగు కనపడనంత దట్టంగా నేస్తారు. అందుకే రెండువైపులా పరుచుకోవచ్చు, బండల చల్లదనం నడుముకెక్కదు. ఈ ఊరి నేతకు పేరు కొత్తగా రాలేదు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో వరంగల్ తివాచీలు పెట్టారు. 1934లో నిజాం కాలంలో ఆజంజాహీ మిల్లు వచ్చింది, తర్వాత నష్టాలతో మూతపడింది. కొత్తవాడ మగ్గాలు మాత్రం మిగిలాయి. 2018లో వరంగల్ డర్రీలకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

మరి బొంతకు? దాన్ని ఏ ప్రదర్శనకూ ఎవరూ తీసుకుపోలేదు, కుట్టినవాళ్ల పేర్లూ ఎక్కడా లేవు. బి.ఏ.లో తెలుగు చదివిన అలవాటు కదా, నాకు కృష్ణదేవరాయల ఆముక్తమాల్యద గుర్తొస్తుంది. చలికాలంలో విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టిన భోజనం అందులో ఉంది. ఘుమఘుమలాడే కొత్తబియ్యం అన్నం, మిరియాల పొడి పట్టించిన కూరలు, ముక్కు అదిరే ఆవపచ్చడి, కాగిన నెయ్యి. చదువుతుంటేనే చలి వదులుతుంది. కానీ ఆ పద్యంలో వడ్డన కనిపిస్తుంది గానీ, చన్నీళ్లలో చేతులు పెట్టి ఆవాలు నూరినవాళ్లు కనిపించరు. బొంత సంగతీ అంతే.

పాత చీరెలు నాలుగైదు పొరలుగా పరిచి, మూలల మీద బరువులు పెట్టి, అంచు నుంచి లోపలికి వరసలు వరసలుగా కుట్టుకుంటూ రావాలి. పొరల మధ్య గాలి నిలుస్తుంది, వెచ్చదనం అక్కడిదే. మా అత్తమ్మ అంటుంది, "ఎక్కువ ఉతికిన చీరెనే మెత్తగుంటది బిడ్డా, కొత్తది పనికిరాదు" అని. జార్జెట్, షిఫాన్ అసలే కుదరవు, జారిపోతాయి. బొంతలు ఆగిపోవడానికి మెషీన్ దుప్పట్లొక్కటే కారణం కాదనిపిస్తుంది నాకు. మన బీరువాల్లో నూలు చీరెలే తగ్గిపోయాయి.

మొన్న అటక దులిపితే అత్తమ్మ కుట్టిన బొంత ఒకటి దొరికింది. మా ఇంట్లోవాళ్లు పారేద్దామన్నారు. ఆమె దాన్ని ఒళ్లో వేసుకుని చిరిగిన చోట పొరలు విప్పి చూపించింది. నీలం గళ్లది వాళ్లమ్మ చీరె, కింది పసుపుది మా ఆయన తొట్టెలో వేసిన నాటిది. ఆ ఇద్దరి గురించీ మా ఇంట్లో ఇంకో కాగితం ముక్క లేదు, ఫొటో కూడా లేదు.

పైపొరకు నా నూలు చీరెలు రెండు ఇచ్చాను. ఆమెకిప్పుడు సూది బెజ్జం ఆనదు. మధ్యాహ్నం ఎండలో జంపఖానా పరిచి కూర్చుంటాం. దారం నేనెక్కించి ఇస్తాను. వరస వంకర పోతే చేత్తో తడిమి విప్పమంటుంది. ఇప్పటికి సగమైంది.