యంత్రము వేరు, మాట వేరు: కంప్యూటరునకు తెలుగు అబ్బిన కథ

మన ఉపాధ్యాయులలో ఎన్నికల విధికి పోనివారు అరుదు. పోయినవారందరును వోటింగు యంత్రమును దగ్గరగా చూచియుందురు. ఓటరు మీట నొక్కు పెట్టెలో 16 మీటలుండును. వాటి ప్రక్కనున్న అభ్యర్థుల పేర్లు యంత్రముపై చెక్కినవి కావు. అచ్చువేసిన కాగితము నొకదానిని పారదర్శకమైన తెర క్రింద అమర్చి, ముద్ర వేయుదురు. మా తగరపువలస చేరియున్న భీమునిపట్నము నియోజకవర్గములో ఆ కాగితము తెలుగులో నుండును. అదే జాతి యంత్రము కేరళకు పోయినచో కాగితము మలయాళములో నుండును. ఓట్లు లెక్కించు భాగమునకు తెలిసినది మీట సంఖ్య యొక్కటే. ఈ మధ్య చేర్చిన చీటీ యంత్రము పేరును, గుర్తును అచ్చువేసి చూపును గదా! ఆ పేర్లను, గుర్తులను కూడ ప్రతి నియోజకవర్గమునకు విడిగానే అందులోనికి ఎక్కింతురు.

ఈ యంత్రములను హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్., బెంగుళూరులోని బి.ఇ.ఎల్. సంస్థలు నిర్మించుచున్నవి. ఇవి మొదట 1982లో కేరళలోని పరవూరు ఎన్నికలో వాడబడినవి. 2004 లోక్‌సభ ఎన్నికలలో దేశమంతటను వాడబడినవి. భాషకొక యంత్రము చేయవలసి వచ్చియుండిన యెడల ఈ పని ఎంత కష్టమై యుండెడిదో ఊహించుడు.

ఇందులోని సూత్రము చిన్నది: భాషను యంత్రము ఒడలిలో కలిపివేయరాదు, విడిగా ఉంచవలెను, తెలిసినవారు దానిని మార్చుటకు, సరిదిద్దుటకు వీలుండవలెను. కంప్యూటరులోనికి తెలుగు వచ్చిన చరిత్ర యంతయు ఈ సూత్రము క్రమక్రమముగా అమలులోనికి వచ్చిన చరిత్రయే. అది రెండు మెట్లలో జరిగినది. మొదట అక్షరము తన ఆకారము నుండి విడివడినది. తరువాత వాక్యము ప్రోగ్రాము నుండి విడివడినది.

అక్షరము, ఆకారము

కంప్యూటరునకు అక్షరము తెలియదు. అంకె మాత్రమే తెలియును. ఏ అంకె ఏ అక్షరమునకు గుర్తో మనుష్యులు ముందుగా ఒప్పందము చేసికొనవలెను. ఇంగ్లీషునకు ఆ ఒప్పందము 1960 దశకములోనే కుదిరినది. తెలుగునకు చాలకాలము కుదరలేదు. అందుచేత అచ్చుపని చేయువారొక ఉపాయము పన్నిరి. ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తలకట్టు, గుడి, కొమ్ము, వత్తులు మొదలగు ముక్కలను కూర్చి ఫాంట్లు తయారుచేసిరి. తెరపై తెలుగు కనబడెను. కంప్యూటరు దృష్టిలో మాత్రము అది అర్థములేని ఇంగ్లీషు అక్షరముల వరుసయే.

దీనివలన కలిగిన చిక్కు సామాన్యమైనది కాదు. ఒక్కొక్క ముద్రణాలయమునకు, ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క ఏర్పాటు. ఒకరు టైపుచేసిన వ్యాసమును మరొకరు తెరచినచో, ఆ ఫాంటు లేనందున, తెలుగునకు బదులు చిందరవందర గుర్తులు ప్రత్యక్షమగును. వెదకుటకు వీలులేదు, అకారాది క్రమములో పేర్చుటకు వీలులేదు. ఫాంటు పోయినచో పాఠము కూడ పోయినట్లే.

ఈ చిక్కును విప్పుటకు మన దేశములోనే గట్టి ప్రయత్నము జరిగినది. కాన్పూరు ఐ.ఐ.టి.లో ఆరంభమైన కృషి పుణెలోని సి-డాక్ సంస్థలో కొనసాగినది. భారతీయ లిపులలో చాలవరకు బ్రాహ్మి నుండి పుట్టినవే గనుక, క అను వర్ణమునకు ఆ లిపులలో ఒకే స్థానము నిచ్చు పట్టికను సిద్ధపరచిరి. దానికి ఇస్కీ అని పేరు. భారతీయ ప్రమాణముల సంస్థ 1991లో దానిని ప్రమాణముగా అంగీకరించినది. అదే సంవత్సరము ప్రపంచ భాషలన్నిటికిని ఉద్దేశించిన యూనికోడు మొదటి సంపుటము వెలువడినది. అందులో భారతీయ లిపుల అమరిక ఇస్కీ ననుసరించినదే.

ఈ సంబంధమును విద్యార్థులు స్వయముగా పరీక్షింపవచ్చును. యూనికోడులో తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 స్థానములు కలవు. తెలుగు క 3093. దేవనాగరి క 2325. తెలుగు గ 3095. దేవనాగరి గ 2327. రెండు జంటలలోను భేదము 768. ఒకే తల్లి బిడ్డలైన లిపుల చుట్టరికము అంకెలలో కూడ నిలిచినది!

ఈ ఒప్పందముతో అక్షరము వేరు, ఆకారము వేరు అయినవి. జ్ఞా అను రూపమును కంప్యూటరు నాలుగు అంకెలుగా దాచును: జ 3100, పొల్లు 3149, ఞ 3102, దీర్ఘము 3134. ఈ నాలుగింటిని కూర్చి తెరపై అందముగా చిత్రించుట మరియొక ప్రోగ్రాము పని. ఆ పని ఎంత సున్నితమైనదో 2018 ఫిబ్రవరిలో లోకమునకు తెలిసినది. జ్ఞా రూపములోని సంకేతముల నడుమ కంటికి కనబడని ఒక విభజన గుర్తు చేరినపుడు, దానిని చిత్రింపలేక ఐఫోనులలోని కొన్ని ప్రోగ్రాములు కుప్పకూలినవి. ఆపిల్ సంస్థ ఆ నెలలోనే సవరణ విడుదల చేసినది. విజ్ఞానము అను మాట మామూలుగా వ్రాసినపుడు ఏ ప్రమాదమును లేదు. అయినను ఆ మాట నడుమనున్న అక్షరమే పెద్ద యంత్రమునకు పరీక్ష పెట్టినది.

ప్రమాణము ఏర్పడినంత మాత్రమున జనులు తెలుగు వ్రాయలేరు. 1990 దశకపు తొలినాళ్ళలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయములో నున్న తెలుగువారు ఇంగ్లీషు అక్షరములతో తెలుగు వ్రాయు ఆర్.టి.ఎస్. పద్ధతిని రూపొందించిరి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్.పి.లో తెలుగునకు స్థానము లభించి, గౌతమి అను ఫాంటు దానితో వచ్చినది. తరువాత వచ్చిన లేఖిని వంటి ఉచిత సాధనములతో ఇంటనే కూర్చుండి తెలుగు వ్రాయుట సులభమైనది. 2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియా ఈ పునాదిపై లేచినదే.

వాక్యము, ప్రోగ్రాము

ఇక రెండవ మెట్టు. ‘ఫైలు కనబడలేదు’ అని కంప్యూటరు మనకు చెప్పవలెను. పూర్వము ఆ వాక్యమును ఇంగ్లీషులో ప్రోగ్రాము నడుమనే వ్రాసెడివారు. తెలుగు కావలెనన్న ప్రోగ్రాము నంతయు నకలు తీసి, వాక్యములను ఒక్కొక్కటిగా వెదకి మార్చవలెను. అసలు ప్రోగ్రాములో ఒక తప్పు దిద్దినచో నకలులో కూడ దిద్దవలెను. పది భాషలకు పది నకళ్ళు! ఈ భారమును ఎవరు మోయుదురు? అందుచేత చిన్న భాషలు వేచియుండవలసి వచ్చెను.

1984లో వచ్చిన మాకింటోష్ కంప్యూటరులో వాక్యములను, బొమ్మలను ప్రోగ్రాము నుండి వేరుచేసి, ప్రత్యేకమైన అరలో నుంచు ఏర్పాటు చేసిరి. యూనిక్స్ ప్రపంచములో ప్రతి వాక్యమునకు ఒక సంఖ్య నిచ్చి, ఆ సంఖ్యల పట్టికను విడిగా నుంచు పద్ధతి వచ్చెను. అయితే సంఖ్యను చూచి అర్థము తెలిసికొనుట కష్టము. ఆ తరువాత సన్ సంస్థవారు మొదలుపెట్టిన మార్గమును అనుసరించి, 1995లో గ్నూ వారు గెట్‌టెక్స్ట్ అను సాధనమును వెలువరించిరి. ఇందులో సంఖ్యకు బదులు ఇంగ్లీషు వాక్యమే తాళపుచెవి. ఒక వరుసలో ఇంగ్లీషు వాక్యము. దాని క్రింది వరుసలో తెలుగు వాక్యము. ఇట్టి జంటలతో నిండిన ఫైలొకటి చాలును. ప్రోగ్రాము నడుచునపుడు ఆ ఫైలును చూచి తెలుగు పలుకును. జంటలో తెలుగు లేనిచో ఇంగ్లీషు వాక్యమునే చూపును; పని ఆగదు.

దీని ఫలితము గొప్పది. ప్రోగ్రాములు వ్రాయుట తెలియని మనుష్యుడు, తెలుగు బాగుగా తెలిసినచో, కంప్యూటరునకు తెలుగు నేర్పగలడు. 2005లో హైదరాబాదు నుండి స్వేచ్ఛ అను పేరుతో తెలుగులో పనిచేయు లినక్సు వ్యవస్థ వెలువడినది. ఫైర్‌ఫాక్స్, వికీపీడియా మొదలగు వానికి కూడ స్వచ్ఛంద కార్యకర్తలే సాయంకాలములందు, సెలవు దినములందు వాక్యము వెంట వాక్యము తెలుగు చేసిరి.

ఇప్పటి సెల్‌ఫోనులలోను సూత్రమిదే. ఆండ్రాయిడ్ ఫోనులో భాషకొక అర యుండును. తెలుగు అరకు టి, ఇ అను రెండు ఇంగ్లీషు అక్షరములు గుర్తు. 2014లో వచ్చిన అయిదవ సంచిక నుండి ఆ ఫోను ముఖపత్రములు తెలుగులో కూడ లభించుచున్నవి. తెలుగు ఎన్నుకొన్న తరువాత కూడ తెరపై సగము తెలుగు, సగము ఇంగ్లీషు కనబడుట పలువురకు అనుభవమే. ఆ అరలో కొన్ని వాక్యములు ఖాళీగా నున్నవని, వాటికి బదులు మొదటి అరలోని ఇంగ్లీషు వచ్చినదని దానికి అర్థము.

వ్యాకరణము పెట్టిన పరీక్ష

వాక్యములను విడదీసినంతనే కష్టము తీరలేదు. ఇంగ్లీషువారు వాక్యములను ముక్కలుగా అతికించు అలవాటు చేసికొనియుండిరి. ఊరి పేరునకు ముందు ఒక చిన్న పదము చేర్చినచో వారికి ‘ఆ ఊరికి’ అను అర్థము వచ్చును. ఇదే యుక్తిని తెలుగులో ప్రయోగించి, ఖాళీ తరువాత ‘కు’ చేర్చినామనుకొనుడు. ‘తగరపువలసకు’ సరిపోయినది. ‘మధురవాడకు’ సరిపోయినది. కాని ‘భీమిలికు’ అన్నచో చిన్నపిల్లలు కూడ నవ్వుదురు. అది ‘భీమిలికి’ కావలెను. ‘ఆనందపురంకు’ కాదు, ‘ఆనందపురానికి’ కావలెను. మన విభక్తి పేరు చివరి అచ్చును బట్టి మారును. ఒక్కొక్కప్పుడు పేరునే మార్చివేయును. కావున తెలిసిన అనువాదకుడు ఖాళీకి ప్రత్యయము తగిలింపడు. ‘చేరవలసిన ఊరు: భీమిలి’ అని వాక్యమునే వేరు విధముగా కట్టును.

లింగభేదము మరియొక చిక్కు. ఒకరు సమూహములో చేరినపుడు ఇంగ్లీషు క్రియ అందరికిని ఒకటే. తెలుగులో రాము చేరినాడు, సీత చేరినది. కంప్యూటరునకు వచ్చినవారెవరో తెలియదు. ఇచ్చట మన మర్యాదయే మనలను కాపాడినది: ‘చేరారు’ అన్నచో ఇద్దరకును సరిపోవును, గౌరవమును దక్కును.

వచనముల సంగతి చూడుడు. తెలుగునకు ఏకవచనము, బహువచనము రెండు చాలును. జపానువారికి ఒకటే రూపము చాలును. అరబ్బీకి ఆరు రూపములు కావలెను. గెట్‌టెక్స్ట్ ప్రతి భాషకు ఎన్ని రూపములో, ఏ సంఖ్యకు ఏ రూపమో ఆ భాష ఫైలులోనే వ్రాయనిచ్చును. ‘ఓపెన్’ అను ఇంగ్లీషు మాట ఒకచోట ‘తెరువు’ అను ఆజ్ఞ. మరొకచోట ‘తెరచియున్నది’ అను స్థితి. ఒకే తాళపుచెవికి రెండు తలుపులు! అందుచేత వాక్యముతోపాటు సందర్భమును కూడ వ్రాసియుంచు ఏర్పాటు తరువాత చేర్చిరి.

ఇంగ్లీషు మూలము మారినపుడు పాత తెలుగు దానికి చెల్లునా? ఫైలును తాజాపరచు సాధనము, కొత్త మూలమును పోలిన పాత అనువాదము దొరికినచో దానిపై సందేహపు గుర్తు నుంచును. మనుష్యుడు చూచి సరియన్నదాక ప్రోగ్రాము దానిని వాడదు. తప్పు చెప్పుటకంటె ఇంగ్లీషు చెప్పుట మేలను జాగ్రత్త ఇందులో నున్నది. బొమ్మలకు మాత్రము ఇట్టి రక్షణ లేదు. బొమ్మపైననే అక్షరములు చిత్రించినచో ఏ అనువాదకుడును వాటిని ముట్టుకొనలేడు. ఇంగ్లీషు కొలతకు కోసిన మీటలో మన వత్తులు క్రింద తెగిపోవును.

మన వంతు

ఈ వివరములన్నియు నిపుణులకు మాత్రమే సంబంధించినవని అనుకొనరాదు. నేడు బ్యాంకు ఖాతా, రైలు టిక్కెట్టు, ఆసుపత్రి చీటీ సెల్‌ఫోనులోనికి వచ్చినవి. ‘రద్దుచేయి’ అనవలసినచోట అర్థముకాని మాట యున్నచో ఒక ముసలితల్లి సొమ్ము పోవచ్చును. తెలుగు సరిగా లేదని జనులు విసిగి ఇంగ్లీషునకు మరలుచున్నారు. జనులు తెలుగు వాడుటలేదని సంస్థలు దానిని బాగుచేయక విడచుచున్నవి. ఈ చక్రమును ఎచ్చటనో ఒకచోట ఆపవలెను.

తరగతిలో ఒక చిన్న ప్రయోగము చేయించుడు. విద్యార్థులచే ఒక ఫోనును తెలుగులోనికి మార్పించుడు. ఇంగ్లీషులో మిగిలినవి ఏవి, తెలుగైనను అర్థముకానివి ఏవి, ఒకే పనికి రెండు మాటలు వాడినవి ఏవి – మూడు పట్టికలు వ్రాయించుడు. ప్రతిదానికి ఎదురుగా తమ ఇంటిలో అమ్మమ్మకు తెలియు మాటను వ్రాయుమనుడు. స్వచ్ఛందముగా నడచు ప్రోగ్రాములలో ఆ మాటను సూచించుటకు ద్వారము తెరచియే యున్నది. ప్రోగ్రాము పాఠములు చదివియుండనక్కరలేదు. వాక్యము యంత్రము నుండి విడివడి మన చేతిదగ్గరకు వచ్చినది. దానిని దిద్దు పని తెలుగు మాస్టరుది, సైన్సు మాస్టరుది, వారి ఎదుట కూర్చున్న పిల్లలది.