ఉట్నూరు చేను, మన కంచం

జొన్నరొట్టె ఆరోగ్యానికి మంచిదని ఇవాళ అందరూ చెబుతున్నారు. మరి అదే జొన్న తిని బతికిన తెలంగాణ పేదలలో ఒకప్పుడు పెల్లాగ్రా అనే వ్యాధి ఎందుకు కనిపించింది? ఎండ తగిలే మెడ, చేతులపై చర్మం నల్లబడి పొలుసులు ఊడడం, విరేచనాలు, ముదిరితే మతిభ్రమ దీని లక్షణాలు. మూలకారణం నియాసిన్ అనే బి-విటమిన్ లోపం. జొన్నలోని ల్యూసిన్ మోతాదు ఇందుకు తోడ్పడుతుందని హైదరాబాదు పోషకాహార పరిశోధనాశాలకు చెందిన డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ శ్రీకంఠయ్య 1960లో ప్రతిపాదించారు. ఆ వివరణపై తరువాత చర్చ జరిగింది. అయితే ఒక్క విషయంలో సందేహం లేదు. కంచంలో జొన్న తప్ప మరొకటి లేనివారే ఆ వ్యాధికి గురయ్యారు. దోషం గింజది కాదు, ఒంటి గింజది. ఈ సంగతిని మనకు వివరంగా చెప్పేది ఉట్నూరు చేల చరిత్ర.

ఆదిలాబాదు జిల్లాలోని ఉట్నూరు చుట్టుపక్కల గోండులు, కొలాములు తరతరాలుగా వర్షాధార సేద్యం చేశారు. నల్లరేగడిలో జొన్న, తేలిక నేలల్లో సామ వంటి చిరుధాన్యాలు, సాళ్ల మధ్య కంది, అనుము, పెసర, నువ్వులు పండించుకున్నారు. అడవి నుంచి ఇప్పపువ్వు, తునికి, మొర్రి పండ్లు, వెదురు కొమ్ములు, ఆకుకూరలు తెచ్చుకున్నారు. ఈ కూర్పులో వైద్యశాస్త్రం అంగీకరించే వివేకం ఉంది. జొన్నలో తక్కువగా ఉండే లైసిన్ పప్పులలో ఉంటుంది. కంది వేళ్లు గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తాయి. ఒక పంట ఎండినా మరొకటి చేతికి వస్తుంది. కొత్త పంటను దేవతలకు, పెద్దలకు సమర్పించిన తరువాతే తినే కొత్తల పండుగ ఆ చేనుకు ఇచ్చిన గౌరవం.

ఈ అన్నం నిలవాలంటే నేల నిలవాలి. నిజాం ప్రభుత్వం అడవులను రిజర్వు చేసి పోడు సాగును అడ్డుకుంది. ఆదివాసుల భూములు వలసవచ్చిన షావుకార్ల చేతికి పోయాయి. భూమి, అడవిపై హక్కు కోసం పోరాడిన కుమురం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణం అర్పించాడు. ఆ తరువాతే ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను ఈ ప్రాంత పరిస్థితుల అధ్యయనానికి నియమించింది. ఆయన మార్లవాయిలో గోండుల మధ్య నివసించాడు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. వేలాది కుటుంబాలకు పట్టాలు దక్కాయి.

పట్టా వచ్చింది గాని, చేను క్రమంగా మారింది. నల్లరేగడి పత్తికి అనువైనది. 2002లో బీటీ పత్తికి దేశంలో అనుమతి లభించాక దాని విస్తీర్ణం మరింత పెరిగింది. మరోవైపు 1983 నుంచి కిలో రెండు రూపాయల బియ్యం పల్లెలకు చేరింది. ఆ బియ్యం ఎందరి ఆకలినో తీర్చింది, పత్తి చేతికి డబ్బు ఇచ్చింది. ఈ మేలును మరువరాదు. అయితే చేలో ఒకే పంట, కంచంలో ఒకే గింజ మిగిలాయి. జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నలో ఇనుము సుమారు 4 మిల్లీగ్రాములు, పీచు 10 గ్రాములు ఉంటే, పాలిష్ బియ్యంలో ఇనుము 0.65 మిల్లీగ్రాములు, పీచు 3 గ్రాముల లోపే.

ఒకే పంటను నమ్ముకుంటే ఏమవుతుందో పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా దీవులు చూశాయి. 1990, 1991లలో తుఫానులు దెబ్బతీశాయి. 1993లో ఆకుమచ్చ తెగులు వచ్చి వారి ప్రధానాహారమైన చేమదుంప తోటలను దాదాపు తుడిచిపెట్టింది. అప్పుడు ఆదుకున్నవి పెరటి అరటి, సీమపనస వంటి ఇతర పంటలే. ఆస్ట్రేలియాకు చెందిన మోలిసన్, హోమ్‌గ్రెన్ 1978లో 'పర్మాకల్చర్' అని పేరు పెట్టిన సేద్య పద్ధతి చెప్పేదీ ఇదే. చెట్టు, పంట, పశువు, నీరు ఒకదానికొకటి ఆసరాగా ఉండాలని దాని సారం. ఉట్నూరు రైతుకు ఈ మాట కొత్త కావచ్చు, పని మాత్రం కొత్తది కాదు.

నేడు ఉట్నూరులో ఆదివాసీ మహిళల సహకార సంఘం ఇప్పపువ్వు లడ్డూలు తయారుచేస్తోంది. ఇది శుభసూచకం. వైద్యునిగా ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఈ ప్రాంత ఆదివాసులలో కొందరికి వంశపారంపర్యంగా సికిల్ సెల్ వ్యాధి వస్తుంది. ఆ రక్తహీనతను ఏ లడ్డూ, ఏ చిరుధాన్యమూ నయం చేయదు. ముందు రక్తపరీక్ష చేయించుకోవాలి, వైద్యుడు చెప్పకుండా ఇనుము మాత్రలు వాడరాదు.

కనుక పాఠకులారా, అన్నం మానేసి జొన్నకు మారడం వివేకం కాదు. అది ఒక ఒంటి గింజను వదిలి మరో ఒంటి గింజను పట్టుకోవడమే. వారంలో కొన్ని పూటలు జొన్న గట్కో రొట్టెనో తినండి, పక్కన కందిపప్పు ఉంచుకోండి, ఆకుకూర మరువకండి. పొలం ఉన్నవారు పత్తి సాళ్ల మధ్య కొన్ని సాళ్లైనా కందికి, అంచున కొంత జొన్నకు కేటాయించండి. చేలో ఎన్ని పంటలుంటే కంచానికి అంత బలం.