ఆరిగాన్ అడవిలో నల్ల బకెట్టు

అంకెలు కదులుతున్నాయి. మనిషి మాత్రం కదలట్లేదు.

2000 మే 1, సోమవారం. అమెరికా పడమటి అంచున ఆరిగాన్ రాష్ట్రంలో రాత్రి తొమ్మిది కావస్తోంది. జీపీఎస్ యంత్రం కొన్న ప్రతివాడికీ ఆ రోజుల్లో తెలిసిన తమాషా ఒకటుంది. యంత్రాన్ని పెరట్లో బల్ల మీద పెడితే పెట్టినచోటే ఉంటుంది కానీ, దాని తెర మీద మాత్రం మీరు కాసేపు పక్కింటి వాకిట్లో నిలబడతారు, కాసేపటికి రోడ్డు దాటి ఎవరిదో కారు షెడ్డెక్కుతారు, ఇంకాసేపటికి వంద మీటర్ల అవతల చెరువులో మునిగి తేలి మళ్లీ తీరిగ్గా ఇంటికొస్తారు. ఇది యంత్రం చేతగానితనం కాదు. ఆకాశంలోనే ఎవరో కావాలని కల్తీ కలుపుతున్నారు.

కలిపేది అమెరికా సైన్యం. ఆ ఉపగ్రహాలు దానివే. మంచి సంకేతం తన దగ్గర ఉంచుకుని, జనానికి చెదిరిన సంకేతం వదిలేది. సెలెక్టివ్ అవైలబిలిటీ అని దానికో మర్యాదైన పేరు. శత్రువు ఇదే సంకేతం పట్టుకుని బాంబు గురిపెడతాడేమోనని భయం. ఆ సోమవారం అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రకటన చేశాడు. ఈ రాత్రితో ఆ కల్తీ బంద్. పౌరుల జీపీఎస్ ఇక పది రెట్లు సూటిగా పనిచేస్తుంది.

వాషింగ్టన్‌లో అర్ధరాత్రి. ఉపగ్రహాలను నడిపించే గది కొలరాడోలోని ష్రీవర్ సైనిక స్థావరంలో ఉంది. అక్కడినుంచి ఆజ్ఞ పైకెళ్లింది. కింద, లక్షల అరచేతుల్లో, అంకెలు తడబడ్డాయి. నెమ్మదించాయి. పది ఇరవై మీటర్ల లోపు సర్దుకున్నాయి.

ఇప్పుడు ఈ అంకెలతో ఏం చెయ్యాలి?

డేవ్ ఉల్మర్‌కు వెంటనే తట్టింది. కంప్యూటర్ కన్సల్టెంటు. జీపీఎస్ అంటే పిచ్చి. అడవిలో ఓ వస్తువు దాచిపెట్టి, ఆ చోటు అంకెలు మాత్రం లోకానికి చెబితే? దారి చెప్పొద్దు, గుర్తులు చెప్పొద్దు, పటం గీయొద్దు. అంకెలు చాలు. ఎవడో ముక్కూమొహం తెలియనివాడు వాటిని పట్టుకుని సరిగ్గా అక్కడికే వస్తాడా?

మే 3. పోర్ట్‌లాండ్ నగరానికి ఆగ్నేయంగా బీవర్‌క్రీక్ అనే చిన్న ఊరు. ఆ పక్కన అడవి దారి. ఆ ప్రాంతంలో మే నెలంటే ఇంకా తడి ఆరని నేల, నిటారుగా నిలిచిన డగ్లస్ ఫర్ చెట్లు, వాటి కింద మోకాలెత్తు ఫెర్న్ మొక్కలు, రోడ్డు వార చీర అంచు పట్టుకుని లాగే బ్లాక్‌బెర్రీ ముళ్లు. ఉల్మర్ నల్ల ప్లాస్టిక్ బకెట్టు ఒకటి తెచ్చాడు. సగం మట్టిలోకి దించాడు. అందులో పుస్తకాలు, పటాల సాఫ్ట్‌వేర్, ఓ వీడియో క్యాసెట్టు, నాలుగు డబ్బులు, ఒక పంగలకర్ర. వీటన్నిటి మధ్య ఎందుకో ఓ బీన్స్ డబ్బా. వీటికంటే ముఖ్యమైనవి ఇంకో రెండున్నాయి. ఒక నోట్‌బుక్, ఒక పెన్సిలు.

ఇంటికొచ్చి ఇంటర్నెట్‌లో జీపీఎస్ పిచ్చోళ్లు కలుసుకునే చోట అంకెలు రాసేశాడు. ఉత్తరం 45 డిగ్రీల 17.460 నిమిషాలు. పశ్చిమం 122 డిగ్రీల 24.800 నిమిషాలు. షరతు ఒక్కటే. ఏదైనా తీసుకోండి, ఏదైనా పెట్టండి, వచ్చినట్టు నోట్‌బుక్‌లో రాయండి.

రాశాడు. ఇక ఎదురుచూపులే.

కొలంబియా నది ఉత్తరపు గట్టున వాషింగ్టన్ రాష్ట్రపు వాంకూవర్ ఊరు. అక్కడ మైక్ టీగ్ ఆ అంకెలు చదివాడు. నది దాటితే పోర్ట్‌లాండ్. పోర్ట్‌లాండ్ దాటితే అడవి. తెలియనివాడు దాచినదాన్ని తెలియనివాడు వెతకడం, దొరికితే దాంట్లో ఉన్నది ఎంత విలువైనదో కూడా తెలియకపోవడం. అయినా బయల్దేరాడు.

అతను నది దాటేలోపు కొంచెం వెనక్కి వెళ్లాలి. ఎందుకంటే ఉల్మర్ ఆలోచన కొత్తదే గానీ, దాని వెనకున్న సరదా చాలా పాతది. 1854లో ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్ బీడు మీద జేమ్స్ పెరట్ అనే గైడు క్రాన్‌మియర్ పూల్ దగ్గర ఓ సీసా పెట్టాడు. ఊబి నేలలు, కాలు నిలవని చిత్తడి, ఎటు చూసినా ఒకేలా కనిపించే గడ్డి. అంత దూరం వచ్చినవాళ్లు గుర్తుగా తమ పేరు కార్డు అందులో వేసి వెళ్లేవాళ్లు. తర్వాత సీసా పోయి పెట్టె వచ్చింది, కార్డులు పోయి రబ్బరు స్టాంపులు వచ్చాయి, లెటర్‌బాక్సింగ్ అని ఓ ఆటే పుట్టింది. ఇటు అమెరికాలో 1996లో అలెక్స్ జారెట్ అనే కుర్రాడు జీపీఎస్ కొని, అక్షాంశం రేఖాంశం రెండూ నిండు అంకెలై కలిసే చోట్లకు వెళ్లి ఫోటో తీసుకురావాలని పంతం పట్టాడు. న్యూహాంప్‌షైర్‌లో 43 డిగ్రీల ఉత్తరం, 72 డిగ్రీల పశ్చిమంతో మొదలు. అప్పటికింకా కల్తీ ఉంది. సున్నాలన్నీ ఒక్కసారి వరసలో నిలబడాలంటే పొలాల్లో ముందుకీ వెనక్కీ చిందులు తొక్కాల్సిందే. ఒకరికి పెట్టె ఉంది, అంకెలు లేవు. ఇంకొకరికి అంకెలున్నాయి, పెట్టె లేదు.

రెండూ ఒకేచోట ఉన్న బకెట్టు వైపు ఇప్పుడు ఓ కారు వస్తోంది.

మే 6, శనివారం. అప్పటి యంత్రాల్లో చాలావాటికి దిక్సూచి ఉండేది కాదు. మనిషి నడుస్తున్నంతసేపే బాణం గుర్తు దారి చూపిస్తుంది. ఆగితే అదీ ఆగి అయోమయంగా చూస్తుంది. రెండొందల మీటర్లు. నూట ఇరవై. అరవై. గుబురు ఆకుల కింద సంకేతం పల్చబడుతుంది. ముప్ఫై. ఇరవై. అక్కడికొచ్చేసరికి ఉపగ్రహాల పని అయిపోతుంది. ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తునుంచి దారి చూపించిన యంత్రం చివరి ఇరవై మీటర్ల దగ్గర చేతులెత్తేస్తుంది. అక్కడినుంచి కళ్లు వెతకాలి. ఏ ఆకు తిరగబడింది, ఎక్కడ మట్టి కొత్తగా ఉంది, ఈ పచ్చదనంలో నల్లగా మెరిసేదేంటి?

బకెట్టు దొరికింది.

టీగ్ మూత తీశాడు. కొంత డబ్బు తీసుకున్నాడు. సిగరెట్లు, ఓ క్యాసెట్టు, ఓ పెన్ను పెట్టాడు. నోట్‌బుక్‌లో రాశాడు. ఇంటికొచ్చి ఆ సంగతి అందరికీ చెప్పాడు. ఆ మూడు రోజుల్లోనే ఇంకొకరు కూడా బకెట్టు దగ్గరికి చేరారు. అంటే గాలివాటు కాదు. పని జరుగుతోంది. మే 11 కల్లా కాన్సాస్‌లో ఎవరో మరో డబ్బా దాచారు. నెలాఖరుకి ఈ ఆటకి జియోకాషింగ్ అనే పేరూ వచ్చింది. దొరికినవాటి పట్టిక టీగ్ తన సొంత పేజీలో రాసుకుంటూ పోయాడు.

జూలైలో ఆ పేజీ సియాటిల్‌లో జెరెమీ ఐరిష్ కళ్లబడింది. వెబ్‌సైట్లు కట్టే కుర్రాడు. జీపీఎస్ కొన్నాడు. ఎండలో పడి అడవి దారిన నడిచి తన మొదటి డబ్బా పట్టుకున్నాడు. తిరిగొచ్చినవాడు ఊరుకోలేదు. సెప్టెంబర్ 2న జియోకాషింగ్ డాట్ కామ్ తెరిచాడు. ఆ రోజు లోకం మొత్తమ్మీద తెలిసిన డబ్బాలు 75. అన్నీ ఒక్క పేజీలో పట్టేశాయి.

ఎక్కువ కాలం పట్టలేదు.

వెతికేవాళ్లు పెరిగారు. ఆటకి ఆకలి పెరిగింది. ఎవరో దాన్ని తిరగేశారు. దాచిన డబ్బాకి అంకెలు ఇవ్వడం కాదు, వస్తువు పేరు ఇస్తాం, అంకెలు మీరు తెండి! మొట్టమొదటి పందెం పసుపు జీపు మీద. ఎక్కడైనా పసుపు రంగు జీపు కనబడితే పక్కన జీపీఎస్ పట్టుకుని ఫోటో తీయాలి, ఆ చోటు అంకెలు రాయాలి. ఒకరు రాసిన జీపు మరొకరికి చెల్లదు. పసుపు జీపులున్న ఇళ్లవాళ్లు ఏమనుకున్నారో పాపం. వాకిట్లో ఎవడో అపరిచితుడు, చేతిలో యంత్రం, జీపు చుట్టూ ప్రదక్షిణం.

దాచినది వెతకడం ఒక ముచ్చట. ఉన్నదాన్ని గుర్తించి రాయడం ఇంకో ముచ్చట. రెండూ ఒకే పట్టికలో కొన్నాళ్లు కీచులాడుకున్నాయి. డబ్బా లేనిది వేటేంటని కొందరు. డబ్బాలో ప్లాస్టిక్ బొమ్మ తప్ప ఏముంది, వందేళ్ల వంతెన కనబడితే అదే నిధి కదా అని కొందరు. 2005లో కాపురాలు వేరుపడ్డాయి. చోట్లను గుర్తుపెట్టే సరదాకి వేమార్కింగ్ పేరుతో విడిగా ఇల్లు కట్టారు. డార్ట్‌మూర్ స్టాంపుల వాళ్లకి మాత్రం పాత ఇంట్లోనే ఓ గది మిగిలింది. లెటర్‌బాక్స్ హైబ్రిడ్. అంకెలు పట్టుకుని వెళ్తే డబ్బా, డబ్బాలో స్టాంపు.

ఈ గొడవలో అసలైన నిధి వేరే చోట బయటపడింది. కాళ్ల కింద.

కోర్టు మెట్ల మీద, వంతెన గోడల్లో, కొండ రాళ్లలో అమెరికా సర్వే శాఖ తరతరాలుగా పాతిన లోహపు బిళ్లలున్నాయి. బెంచ్‌మార్కులు. పటం గీసేవాళ్లకు ఆధారాలు. కదిలిస్తే 250 డాలర్ల జరిమానా లేదా జైలు అని కొన్నిటి మీదే చెక్కి ఉంటుంది. డబ్బాల వేటగాళ్లకు ఆ ప్రభుత్వ జాబితా చేతికొచ్చింది. ఏడు లక్షలకు పైగా చోట్లు! యంత్రాలు పట్టుకుని పరుగెత్తారు. యంత్రం చూపించిన చోట చూస్తే బంగాళదుంపల చేను. బిళ్ల లేదు, బండ లేదు.

యంత్రం అబద్ధం చెప్పలేదు. జాబితాలోనే ఉంది తిరకాసు. చాలా బిళ్లలకు ఎత్తు మాత్రమే కచ్చితంగా కొలిచారు. అక్షాంశ రేఖాంశాలు పాత కాగితప్పటం మీద స్కేలు పెట్టి అంచనాగా తీసినవి. వంద మీటర్లు అటూఇటూ మామూలే. అప్పుడు అక్కరకొచ్చింది అంకెలు కాదు, ఎప్పుడో సర్వేయరు రాసిపెట్టిన నాలుగు వాక్యాలు. రైలు పట్టాలకి ఇన్ని అడుగులు తూర్పుగా, చర్చి మూలకి ఇన్ని అడుగులు దక్షిణంగా, నేలకి ఇంత లోతులో. చర్చి కూలిపోయి ఉండొచ్చు, పట్టాలు పీకేసి ఉండొచ్చు, అయినా ఆ మాటలు పట్టుకుని టేపు చాపుకుంటూ పోయినవాళ్లకి గడ్డి దుబ్బు కింద, వేలితో మట్టి గీకితే, సంవత్సరం చెక్కిన గుండ్రటి బిళ్ల కనిపించేది.

ఇలాంటి గుర్తుల కోసం ప్రాణాలు పోయిన నేల మనకీ ఉంది. 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర విలియం ల్యాంబ్టన్ మొదలుపెట్టిన మహా సర్వే ఉత్తరానికి పాకుతూ నిజాం రాజ్యంలోకి వచ్చింది. అరటన్ను బరువున్న కొలత యంత్రాన్ని కూలీల భుజాల మీద కొండలెక్కించారు. 1819లో ల్యాంబ్టన్ సహాయకుడొకడు కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో దిగాడు. వానాకాలం. కారే డేరాలు. జ్వరం. బృందానికి బృందం కూలబడింది. హైదరాబాద్‌కు మోసుకొచ్చారు. కొందరు బతకలేదు. ఆ సహాయకుడు బతికాడు. అతని పేరు జార్జ్ ఎవరెస్ట్.

ఇక బీవర్‌క్రీక్ బకెట్టు సంగతి. అది నిలవలేదు. నిలవలేదు గానీ, 2003లో ఆట అభిమానులు చందాలేసుకుని అక్కడ స్మారక ఫలకం పెట్టాలని చోటు శుభ్రం చేస్తుంటే మట్టిలోంచి తుప్పుపట్టిన డబ్బా ఒకటి బయటపడింది. ఎవరూ తీసుకోని ఆ బీన్స్ డబ్బానే. దానికి నంబరు తగిలించారు. ఇప్పుడది జియోకాషింగ్ సభలకు అతిథిగా తిరుగుతోంది. 75 డబ్బాలతో మొదలైన పట్టికలో ఇవాళ ముప్ఫై లక్షలకు పైగా ఉన్నాయి. మన హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. వెతకడానికి విడిగా యంత్రం అక్కర్లేదు, జేబులో ఫోను చాలు.

వెతకండి. దాచాలనుకుంటే ఆ స్థలం యజమానిని అడిగి దాచండి. రైల్వే స్టేషన్లకీ సైన్యం గోడలకీ ఆమడ దూరం ఉండండి, మూత పెట్టిన అనాథ డబ్బాని చూసి ఎవరూ నిధి అనుకోరు. మీ ఊరి గుట్టెక్కినప్పుడు బండ మీద వృత్తం, దాని నడుమ చుక్క చెక్కి కనిపిస్తే అది సర్వే గుర్తు కావచ్చు. ఫోటో తీయండి. అంకెలు రాసుకోండి. పక్కన ఏ చెట్టుంది, ఏ గుడి ఉంది, ఎన్ని అడుగుల దూరమో మాటల్లో కూడా రాయండి. రాయిని మాత్రం కదపకండి.